భువనగిరి కొండ మీద ఒక దినము

మన మహేశ్వరం, తుక్కుగూడ, శంషాబాద్ ప్రాంతాలలో ఇప్పుడు రాత్రికీ పగటికీ తేడా తక్కువ. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయము ప్రారంభమైన తరువాత దాని చుట్టూ గోదాములు, హోటళ్ళు, కంపెనీలు వచ్చాయి. మన పిల్లలకు ఉద్యోగాలు దొరికాయి. అది మేలే. అయితే ఉద్యోగాలతోపాటు షిఫ్టులు కూడా మన ఇండ్లలోకి వచ్చాయి. తండ్రి రాత్రి డ్యూటీ ముగించుకొని వచ్చేసరికి పిల్లలు బడి బస్సు కొరకు రోడ్డు మీద నిలబడి ఉంటారు. తల్లి మధ్యాహ్నపు షిఫ్టుకు బయలుదేరే వేళకు తండ్రి ఇంకా నిద్రలోనే ఉంటాడు. నలుగురున్న కుటుంబములో నలుగురూ కలిసి భోజనానికి కూర్చునేది వారానికి ఒక్క పూట అంటే ఆశ్చర్యపడనవసరము లేదు.

సంఘస్థుల ఇండ్లను దర్శించడానికి వెళ్ళినప్పుడు మేము మెల్లగా మాట్లాడవలసి వస్తోంది. ఏ వేళకు వెళ్ళినా లోపలి గదిలో ఎవరో ఒకరు నిద్రపోతుంటారు. ఎవరూ ఎవరినీ తిట్టుకోవడము లేదు, కొట్టుకోవడము లేదు. అయినా ఒకే ఇంటిలో ఉండేవారు ఒకరికొకరు అద్దెకున్నవారి వలె అవుతున్నారు. దీనిని గూర్చి సంఘ పెద్దలు, స్త్రీల సమాజమువారు, యౌవనస్థులు కలిసి మాట్లాడినప్పుడు, కుటుంబాలన్నీ ఒక దినమంతా కలిసి గడిపేటట్లు ఎక్కడికైనా వెళ్ళాలని అందరూ అన్నారు. ఎక్కడికి అన్నదే ప్రశ్న.

కొందరు వినోదపు పార్కు అన్నారు. కొందరు రిసార్టు అన్నారు. నర్సుగా పనిచేసే ఒక సహోదరి మాత్రము ఇలా అన్నది: "అయ్యగారూ, పార్కుకు పోతే లోపలికి పోంగనే ఎవరి దారి వారిదే. పిల్లలు ఒక దిక్కు, పెద్దలు ఒక దిక్కు. ఏదన్న గుట్ట ఎక్కుదాము. అక్కడైతే ఒకరిని విడిచి ఒకరు పోలేరు." ఆ మాట అందరికీ నచ్చింది. భువనగిరి కోటకు వెళ్ళాలని నిర్ణయించాము.

ఒకే రాయి

భువనగిరిని చాలామంది భోంగీర్ అంటారు. హైదరాబాదు నుండి వరంగల్ వెళ్ళే రహదారిలో సుమారు 50 కిలోమీటర్ల దూరములో ఉన్నది. 2016 నుండి యాదాద్రి భువనగిరి జిల్లాకు ఇదే ముఖ్య పట్టణము. పట్టణానికి ఇంకా దూరముగా ఉండగానే ఆ కొండ కనబడుతుంది. చెట్లు, పొదలు కప్పుకొన్న గుట్ట కాదు అది. నేలలోనుండి పైకి లేచిన ఒకే ఒక్క బండ. ఒక ప్రక్కనుండి చూస్తే బోర్లించిన గ్రుడ్డు వలె ఉంటుంది. ఎత్తు 500 అడుగులకు పైమాటే.

ఈ రాయి వయస్సు మన లెక్కలకు అందదు. హైదరాబాదు చుట్టుప్రక్కల ఉన్న గ్రానైటు సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటిదని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. భూమి లోతులలో కరిగిన పదార్థము చల్లారి గట్టిపడి గ్రానైటు అయింది. దానిమీద ఉన్న పొరలన్నీ కాలక్రమములో కొట్టుకొనిపోగా, బరువు తగ్గిన రాయి పైకి ఉబ్బి, ఉల్లిపాయ పొరల వలె పలకలు పలకలుగా విడిపోతుంది. అందుకే ఇలాంటి కొండలు గుండ్రముగా, నున్నగా ఉంటాయి. పట్టుకోవడానికి కొమ్మ ఉండదు, కాలు ఇరికించడానికి పగులు ఉండదు. కోట కట్టుకోవలసిన రాజుకు ఇంతకన్న మంచి స్థలము ఏమి కావాలి?

కళ్యాణి చాళుక్య రాజైన ఆరవ విక్రమాదిత్యుడు 1076 నుండి 1126 వరకు పరిపాలించాడు. ఆయనకు త్రిభువనమల్లుడు అనే బిరుదు కలదు. ఆ పేరుమీదనే ఈ కొండ త్రిభువనగిరి అయిందనీ, అదే భువనగిరిగా మారిందనీ చెబుతారు. తరువాత కాకతీయులు, ఆ తరువాత గోలకొండ సుల్తానులు ఈ కోటను ఏలారు. కల్లుగీత కుటుంబములో పుట్టి, మొఘలుల అధికారాన్ని ఎదిరించిన సర్వాయి పాపన్న 1709లో భువనగిరి మీద దాడి చేశాడు. మన పల్లెలలో ఇప్పటికీ ఆయన కథ పాడుతారు.

అయితే మా పిల్లలకు ఈ కొండ ఇంకొక కారణముచేత తెలుసు. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామములో వ్యవసాయ కూలీల ఇంట పుట్టిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్ కుమార్ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులు. వారు మొదట బండలు ఎక్కడము నేర్చుకొన్నది ఈ భువనగిరిలోనే. ఆ తరువాత డార్జిలింగులో శిక్షణ పొందారు. 2014 మే 25న ఇద్దరూ ఎవరెస్టు శిఖరము చేరారు. అప్పటికి పూర్ణకు 14 ఏండ్లు నిండలేదు. ఎవరెస్టు ఎక్కిన బాలికలలో అంత చిన్న వయస్సు మరెవరికీ లేదు. ఎవరెస్టు ఎత్తు 8,849 మీటర్లు. దానికి మొదటి మెట్టు మన ఇంటినుండి గంటన్నర దూరములో ఉన్నదని మనలో ఎంతమందికి తెలుసు?

ప్రయాణము

జనవరిలో ఒక శనివారము, రెండు వాహనాలలో 22 మంది బయలుదేరాము. అందరిలో చిన్నవాడికి తొమ్మిదేండ్లు. అందరిలో పెద్దదైన తల్లికి అరవై ఆరు. చిన్న ప్రార్థన చేసి మహేశ్వరంలో కదిలాము. తుక్కుగూడ దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఎక్కి, ఘట్‌కేసర్ దగ్గర దిగి, బీబీనగర్ మీదుగా భువనగిరి చేరాము.

ముందురోజే ఒక కాగితము అందరికీ పంపించాము. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు. కాలికి పట్టున్న బూట్లు. తలకు టోపీ లేదా రుమాలు. చేతులు ఖాళీగా ఉండేటట్లు వీపుకు తగిలించుకొనే సంచి. స్త్రీల సమాజమువారు పులిహోర, జొన్న రొట్టెలు, పల్లీల పచ్చడి, ఉప్పు వేసిన చల్ల తెచ్చారు. భోజనము మాత్రము క్రిందనే వాహనములో ఉంచాము. కోతులున్న చోటికి అన్నపు మూట మోసుకొని పోవడము తెలివి కాదు.

వచ్చినవారిలో ఒక తండ్రి, కుమారుడు ఉన్నారు. తండ్రి సరుకుల గోదాములో రాత్రి షిఫ్టు పని చేస్తాడు. కుమారుడు ఇంటర్ రెండవ సంవత్సరము చదువుతున్నాడు. వాహనములో తండ్రి ముందు సీటులో కూర్చున్నాడు, కుమారుడు చెవులలో తీగలు పెట్టుకొని చివరి సీటులో కూర్చున్నాడు. వారి మధ్య కోపమేమీ లేదు. మాట్లాడుకొనే అలవాటు తప్పిపోయింది, అంతే.

ఎక్కుట

టికెట్లు తీసుకొని మొదటి ద్వారము దగ్గర నిలబడి ఒక నియమము చెప్పాము. అందరికన్న మెల్లగా నడిచేవారు ముందు నడవాలి. బలమున్నవారు వెనుక రావాలి. యౌవనస్థులకు ఇది నచ్చలేదు. "అయ్యగారూ, ఇట్లయితే సాయంత్రమైతది" అన్నారు. సాయంత్రమైనా ఫరవాలేదన్నాము.

దీనికి కారణము లేకపోలేదు. బలవంతులు ముందు నడిస్తే వారు పైన ఆగి, కూర్చొని, నీళ్ళు త్రాగి, వెనుకవారు రాగానే లేచి మళ్ళీ నడుస్తారు. వెనుకవారికి విశ్రాంతి దొరకనే దొరకదు. అలసిపోయినవారికే విశ్రాంతి లేకుండా పోతుంది. మెల్లగా నడిచేవారు ముందుంటే అందరూ ఒకేసారి ఆగుతారు, ఒకేసారి లేస్తారు.

మొదటి భాగములో మెట్లు ఉన్నాయి. రాతిలోనే చెక్కిన మెట్లు. అన్నీ ఒకే ఎత్తులో లేవు. ఒకటి జానెడు, ఒకటి మూరెడు. ద్వారాలు దాటేకొద్దీ దారి మలుపులు తిరుగుతుంది. శత్రువు నేరుగా పరుగెత్తి రాకుండా పాతవారు అలా కట్టారు. గోడలకు పేర్చిన రాళ్ళు చూసి, ఒకప్పుడు మేస్త్రీ పని చేసిన ఒక సంఘ పెద్ద చేతితో తడిమి, "ఈ రాళ్ళను పైకి ఎట్ల తెచ్చిండ్రో!" అని చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

ఇంకా పైకి పోయేకొద్దీ కొన్నిచోట్ల మెట్లు తగ్గి వాలుగా ఉన్న బండ మీద నడవవలసి వస్తుంది. ఇక్కడ అందరి మాటలు ఆగిపోయాయి. ఊపిరి శబ్దమే వినబడుతోంది. రాత్రి మేల్కొని పని చేసే తండ్రికి రొప్పు వచ్చింది. వరుసలో చివరనున్న కుమారుడు ఇది చూశాడు. మేమెవరమూ చెప్పలేదు. చెవులలోని తీగలు తీసి జేబులో పెట్టుకొని, వరుస ప్రక్కగా ఎక్కి వచ్చి తండ్రి వెనుక నిలబడ్డాడు. "డాడీ, ఆగు. కొన్ని నీళ్ళు తాగు" అన్నాడు. తండ్రి ఆగాడు. సీసా చేతులు మారింది. అక్కడినుండి పైదాకా కుమారుడు తండ్రి వెనుక ఒక మెట్టు క్రిందనే నడిచాడు.

ఆగినవారు

ఇంకొక ద్వారము నీడలో అరవై ఆరేండ్ల తల్లి కూర్చుండిపోయింది. మోకాళ్ళు ఇక లేవనన్నాయి. "నాకు ఇది చాలు అయ్యగారూ. నేను ఈడ్నే కూసుంట. మీరు పోయి రాండ్రి" అన్నది. ఆమె ముఖములో బాధ లేదు. నిజానికి ఇంత ఎత్తు ఎక్కుతానని ఆమే అనుకోలేదు.

అయితే ఆమెను ఒంటరిగా విడిచి ఎలా పోతాము? కొండ మీద మొదటి నియమము మెల్లగా నడిచేవారు ముందు. రెండవ నియమము ఎవరూ ఒంటరిగా ఉండరాదు. ఆమె మనుమరాలు డిగ్రీ చదువుతున్న అమ్మాయి. పైకి పోవాలని ఎంతో ఆశతో వచ్చింది. "నేను అమ్మమ్మ దగ్గర ఉంటా" అని వెంటనే కూర్చున్నది. అమ్మాయి మాట అన్నది గానీ కళ్ళు పైకే చూస్తున్నాయి.

ముందు పైకి వెళ్ళినవారిలో ఇద్దరు యౌవనస్థులు ఎక్కువసేపు అక్కడ ఆగకుండా క్రిందికి దిగి వచ్చారు. అమ్మాయిని చూసి, "అక్కా, నువ్వు పో. అమ్మమ్మ కాడ మేముంటం" అన్నారు. ఉదయము మా నియమానికి సణిగినవారిలో వీరిద్దరూ ఉన్నారు. ఆ అమ్మాయి మా నర్సు సహోదరితో కలిసి పైకి వెళ్ళి వచ్చింది. ఆమె తిరిగి వచ్చేసరికి ఆ తల్లి ఆ ఇద్దరికీ తన చిన్ననాటి కరువు రోజుల కథలు చెబుతోంది. వారు నిజముగానే వింటున్నారు. ఆ కథ తన మనుమరాలికి కూడా అంతవరకు తెలియదట!

కొండ పైన

పైన పాత భవనపు గోడలు, కమానులు మిగిలి ఉన్నాయి. వాన నీరు నిలిచే గుంటలున్నాయి. అంత ఎత్తులో, బావి త్రవ్వడానికి వీలులేని బండ మీద, ఒక సైన్యము ఎలా బ్రతికిందని పిల్లలు అడిగారు. సమాధానము వారి కాళ్ళ దగ్గరనే ఉన్నది. బండ మీద పడ్డ ప్రతి వాన చుక్క ఎటు పారుతుందో గమనించి, ఆ దారిలో గుంటలు చేసి నీరు నిలుపుకొన్నారు. ఇంటి కప్పు మీద పడ్డ నీటిని వీధిలోకి వదలి, నీళ్ళ ట్యాంకరుకు డబ్బు కట్టే మన ప్రాంతమువారికి ఇది మంచి పాఠము.

క్రింద పట్టణము అగ్గిపెట్టెలు పేర్చినట్లు కనబడుతోంది. కాజీపేట వైపు రైలు ఒకటి మెల్లగా పోతోంది. గాలి చల్లగా వీస్తోంది. ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు. గోదాములో పనిచేసే ఆ తండ్రి మాత్రము కుమారునికి ఏదో చూపిస్తూ మాట్లాడుతున్నాడు. తరువాత తెలిసింది. చిన్నప్పుడు మహేశ్వరం ప్రక్క గుట్టలలో మేకలు కాసేవాడట. ఆ గుట్టలలో కొన్ని ఇప్పుడు లేవు. కంకర అయి రోడ్ల క్రింద, భవనాల క్రింద ఉన్నాయి. హైదరాబాదులో ఇలాంటి రాళ్ళను కాపాడాలని 1996లోనే ఒక సంఘము ఏర్పడింది. అయినా క్రషర్లు ఆగలేదు. తన తండ్రికి ఒక బాల్యము ఉన్నదని, అది గుట్టల మీద గడిచిందని ఆ కుమారుడు ఆ దినము మొదటిసారి విన్నాడు.

దిగుట

కొండ ఎక్కడమే కష్టమని అందరూ అనుకొంటారు. కాలు జారేది ఎక్కువగా దిగేటప్పుడే. అప్పటికి తొడలు అలసిపోయి ఉంటాయి, మనస్సు అప్పుడే ఇంటికి చేరి ఉంటుంది, ప్రతి అడుగుకు శరీరపు బరువంతా మోకాలి మీద పడుతుంది. ఎండకు వేడెక్కిన రాయి క్రిందనుండి సెగ కొడుతుంది.

ఎక్కేటప్పుడు చురుకుగా ఉన్న మా యౌవనస్థులు వాలు బండ దగ్గరకు వచ్చేసరికి తడబడ్డారు. ఇక్కడ వంతు మారింది. మేకల కాపరి ముందుకు వచ్చాడు. "ఉరుకకు బిడ్డా. అడ్డంగ దిగు. పాదము మొత్తము రాయికి ఆననియ్యి. వేళ్ళ మీద నిలబడకు. భయమైతే కూసో, కూసొని జరుగు, సిగ్గేమి లేదు" అని కుమారునికి నేర్పించాడు. కుమారుని చూసి మిగిలిన పిల్లలు నేర్చుకొన్నారు. ఎక్కేటప్పుడు తండ్రికి ఊపిరి లేక ఆగిపోయినచోట, దిగేటప్పుడు కుమారుడు ఆయన భుజము పట్టుకొని దిగాడు.

మేము ఎన్నో కుటుంబ కూటాలలో తల్లిదండ్రులు, పిల్లలు ఒకరినొకరు గౌరవించుకోవాలని చెప్పాము. ఇంత సూటిగా ఎప్పుడూ చెప్పలేకపోయాము. ఇంటిలో పెద్దవాడు ఎప్పుడూ ఇచ్చేవాడే, చిన్నవాడు ఎప్పుడూ పుచ్చుకొనేవాడే. లేదా ముసలితనములో దీనికి తలక్రిందులు. కొండ మీద మాత్రము ఒకే పూటలో రెండూ జరిగాయి.

చల్లని దేశములో

కొండలు ఎక్కడము కొన్ని దేశాలలో కుటుంబాల అలవాటు. స్కాట్లండులో అన్నిటికన్న ఎత్తైన బెన్ నెవిస్ 1,345 మీటర్లు. మన భువనగిరి వంటి కొండలు ఎనిమిది, తొమ్మిది ఒకదానిమీద ఒకటి పెట్టినంత ఎత్తు. అక్కడ సర్ హ్యూ మన్రో అనే ఆయన 3,000 అడుగులు మించిన శిఖరాలన్నిటికీ 1891లో ఒక పట్టిక వ్రాశాడు. నేటి లెక్క ప్రకారము అవి 282. వాటిని అన్నిటినీ ఎక్కాలని ఇప్పటికీ వేలమంది శనివారాలు, సెలవు దినాలు వెచ్చిస్తారు. పట్టిక వ్రాసిన మన్రో మాత్రము అన్నీ పూర్తి చేయకుండానే 1919లో మరణించాడు. 1901లో మొదటగా పూర్తి చేసినవాడని పేరు పొందినది ఏ.ఈ. రాబర్ట్‌సన్ అనే పాదిరిగారు. చివరి శిఖరము మీద ఆయన మొదట అక్కడి రాళ్ళ కుప్పను ముద్దు పెట్టుకొని, తరువాత భార్యను ముద్దు పెట్టుకొన్నాడని చెప్పుకొంటారు. ఈ మాట చెప్పగానే మా స్త్రీల సమాజమువారు, "ముందు భార్యను కదా!" అన్నారు.

అక్కడివారు పాటించే ఒక క్రమము మనకూ అవసరము. బయలుదేరకముందే తిరిగి వచ్చే గడియ నిర్ణయించుకొంటారు. ఆ గడియకు శిఖరము అందకపోయినా వెనుకకు తిరుగుతారు. వారికి పొగమంచు, మంచు గాలి ప్రమాదము. మనకు ఎండ ప్రమాదము. ఎండదెబ్బ ముందు తలనొప్పిగా, వికారముగా వస్తుంది. చిన్నపిల్లలు చెప్పరు, ముసలివారు దాచుకొంటారు. ఇతరులే కనిపెట్టి నీడకు తీసుకొనిపోవాలి.

వెళ్ళగోరువారికి

నవంబరు నుండి ఫిబ్రవరి వరకు మంచి సమయము. వేసవిలో వెళ్ళవద్దు. వానలు పడుతున్నప్పుడు నాచు పట్టిన బండ మీద కాలు నిలవదు, కాబట్టి అప్పుడూ వద్దు. గుండె జబ్బు, ఆయాసము ఉన్నవారు వైద్యుని అడిగి రావాలి. పైనున్న నీటి గుంటలలో ఈతకు దిగనివ్వకండి. అంచుల మీద నిలబడి ఫోటోలు తీసుకోనివ్వకండి. తీసుకొనిపోయిన ప్రతి సీసా, ప్రతి కవరు తిరిగి క్రిందికి తీసుకొని రండి. మోకాళ్ళ నొప్పులున్నవారిని ఇంటిలో వదలి రావద్దు. వారు ఎంత ఎక్కితే అంతే చాలు, తోడు ఇద్దరిని ఉంచండి. ఈ కొండకు రోప్‌వే వేయాలన్న ప్రయత్నము గూర్చి చాలా కాలముగా వింటున్నాము. అది వస్తే మా అరవై ఆరేండ్ల తల్లివంటివారు పైన గాలి పీల్చగలరు, సంతోషమే. అయినా నడవగలిగినవారు నడిచే వెళ్ళాలని మా సలహా.

మధ్యాహ్నము దాటాక క్రింద చెట్టు నీడలో అందరమూ వరుసగా కూర్చొని భోజనము చేశాము. పులిహోర మిగలలేదు, రొట్టె మిగలలేదు. చల్ల కొరకు పిల్లలు పోటీ పడ్డారు. సాయంత్రము చీకటి పడకముందే మహేశ్వరం చేరాము. ఆ రాత్రి డ్యూటీ ఉన్నవారు ఇద్దరు స్నానము చేసి నేరుగా పనికి వెళ్ళారు.

మళ్ళీ ఎప్పుడు అని ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. ఈసారి వికారాబాదు అనంతగిరి అని ఒకరు, రాచకొండ అని ఒకరు అంటున్నారు. కొండలకు కొదువ లేదు. అందరి షిఫ్టులు కలిసే శనివారము దొరకడమే కష్టము. మొన్న ఆదివారము ఆరాధన తరువాత ఆ గోదాము సహోదరుడు మా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, తారీఖు జర ముందుగాల చెప్పుండ్రి. నేను నా దోస్తుతోని డ్యూటీ మార్చుకుంట" అన్నాడు. ప్రక్కనే ఉన్న కుమారుడు, "రెండు వారాల ముందు చెప్పుండ్రి అయ్యగారూ" అన్నాడు.